మొదటి షాట్ పైకి ఎందుకు పోయింది: క్రోనోగ్రాఫ్‌తో నా అనుభవం

2025 జూన్ మొదటి వారంలో ఒక ఎయిర్ రైఫిల్ పోటీ ముగించుకుని పాలకొల్లు నుంచి ఇంటికి వస్తూ, చించినాడ వంతెన మీద బస్సులో, మా అమ్మాయిని అనకూడని మాట అన్నాను. "ఆగి మొదలుపెట్టిన ప్రతిసారీ మొదటి షాట్ పైకి పోతోందంటే, ఆ క్షణంలో నీ మనసు అక్కడ లేదన్నమాట" అన్నాను. తను జవాబు చెప్పలేదు. కిటికీలోంచి వశిష్ఠ గోదావరి నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆ మాట ఎంత అన్యాయమైనదో తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది. తెలిపినది క్రోనోగ్రాఫ్ అనే, గుండు వేగాన్ని కొలిచే ఒక చిన్న ప్లాస్టిక్ యంత్రం. ఆ ఆరు వారాల్లోనూ, ఆ తర్వాత బాగుచేయించిన నెల రోజుల్లోనూ ఏమేం జరిగిందో, ఎక్కడెక్కడ పొరపడ్డానో, ఎంత ఖర్చయిందో వరుసగా రాస్తున్నాను. ఎయిర్ రైఫిల్ కాల్చే పిల్లలున్న మరో ఇంట్లో ఇదే మాట ఎవరూ అనకుండా ఉంటే చాలు.

మాది రాజోలు పక్కన పల్లె. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీతో పది మీటర్ల దూరంలోని గురిని కొట్టడం, నేర్చుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఇప్పుడున్న రైఫిల్‌ను 2023 డిసెంబరులో 1,40,000 రూపాయలకు వాడినదే కొన్నాము. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. వారానికి ఒకరోజు షూటింగ్ రేంజికి వెళ్తాము, మిగతా రోజుల్లో ఇంటి వెనక సావిడిలో సాధన. కొబ్బరికాయలు పోసుకునే సావిడి అది. ఒక చివర చెక్కపెట్టె నిండా కొబ్బరి పీచు కూరి, దాని వెనక ఇనుపరేకు పెట్టి, ముందు లక్ష్యం కాగితం అతికిస్తాము. పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పీచులో దిగి ఆగిపోతుంది, వెనక్కి ఎగరదు.

మా సమస్య ఏమిటంటే, వరసగా కాలుస్తున్నంతసేపూ అమ్మాయి షాట్లు మధ్యలోనే గుమికూడేవి. నీళ్లు తాగడానికో, ఊపిరి కుదుటపరుచుకోవడానికో నాలుగైదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెడితే, మొదటి షాట్ మాత్రం నిట్టనిలువుగా పైకి పోయేది. ఊపిరి అన్నారు, ట్రిగ్గర్ అన్నారు, భయం అన్నారు. అన్నవాళ్లందరూ మంచివాళ్లే, తెలిసినవాళ్లే. వాళ్ల మాటలు విని నేను ఇంట్లో తెల్లవారుజామున ధ్యానం పెట్టించాను, ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టాను. తప్పు మనిషిలో ఉందని ఒకసారి నమ్మాక, వస్తువు వైపు చూడాలని నాకు తోచనే లేదు.

చూడమన్నది మా అన్నయ్య కొడుకు. టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ తుపాకీ తూటాలను ఇంట్లోనే నింపుకుంటాడు: కాల్చేసిన తూటాల ఖాళీ తొడుగులను శుభ్రం చేసి, మందును అంటించే కొత్త ప్రైమర్ ఎక్కించి, తుపాకీమందు తూచి పోసి, గుండు బిగించి, ఆ తూటాలను క్రోనోగ్రాఫ్ మీదుగా కాల్చి వేగం రాసుకుంటాడు. జూన్ 15 ఆదివారం ఫోన్‌లో మా గోడు విని, "బాబాయ్, నా తూటాల్లో మందు కాస్త అటూ ఇటూ అయితే వేగం మారుతుంది, వేగం మారితే గుండు పైకో కిందికో పోతుంది. మీకు మందు లేదు, దాని బదులు గాలి ఉంది. ఆ గాలి ప్రతిసారీ ఒకేలా తోస్తోందని మీకెలా తెలుసు? ముందు కొలవండి" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టక, పోటీలో ఇచ్చిన కాగితాలు తీశాను. ఎలక్ట్రానిక్ టార్గెట్ ప్రతి షాట్‌కూ సమయం, పడిన చోటు ముద్రించి ఇస్తుంది. రెండు నిమిషాలకు మించి ఆగాక కాల్చిన షాట్ల పక్కన ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. 60 షాట్లలో అలాంటివి తొమ్మిది. తొమ్మిదిలో ఎనిమిది పైకే పోయాయి. భయంతో కాల్చిన షాట్లు ఎడమకూ కుడికీ కూడా పోవాలి కదా అన్న అనుమానం నాకు మొట్టమొదట ఆ రాత్రే వచ్చింది.

జూన్ 17న క్రోనోగ్రాఫ్ కోసం ఆన్‌లైన్‌లో 6,850 రూపాయలు కట్టాను. వారంలో వస్తుందన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. కొరియర్ వాళ్లు మా ఊరి దాకా రారు కాబట్టి 26న రాజోలు వెళ్లి తెచ్చుకున్నాను. అందులో 9 వోల్టుల బ్యాటరీ పెట్టి ఇవ్వరని విప్పాకే తెలిసింది. పనిచేసే తీరు చూస్తే చాలా సులువైన వస్తువు. మడత విప్పితే అడుగు పొడవు ఉంటుంది, రెండు చివర్ల రెండు కళ్లు, వాటికి పైన ఇనుప పుల్లల మీద తెల్లటి ప్లాస్టిక్ గొడుగులు. పెల్లెట్ మొదటి కన్ను మీదుగా పోయినప్పుడు నీడ పడి గడియారం మొదలవుతుంది, రెండో కన్ను మీద నీడ పడగానే ఆగుతుంది. 30 సెంటీమీటర్ల దూరాన్ని సెకనుకు 173 మీటర్ల వేగంతో దాటడానికి పట్టేది 1.7 మిల్లీసెకన్లకు కొంచెం ఎక్కువ. అంత చిన్న కాలాన్ని కొలుస్తుంది కాబట్టి వెలుతురులో ఏ చిన్న తేడా వచ్చినా మోసపోతుంది. ఆ సంగతి నాకు ఆ తర్వాతి ఆదివారం తెలిసింది.

జూన్ 29 పొద్దున్నే సావిడిలో స్టాండు మీద బిగించాము. అమ్మాయి కాల్చింది. తెర మీద 568 అని కనిపించింది. నా గుండె ఆగినంత పనైంది. తర్వాత చూస్తే అది అడుగుల్లో చూపిస్తోంది. మీటర్లలోకి మార్చుకోవడానికి వెనక ఒక బటన్ ఉంది. మార్చాక వచ్చిన అంకెలు ఇవి: 173, ఆ తర్వాత తప్పు గుర్తు, తర్వాత 412, 88, మళ్లీ తప్పు గుర్తు, 174. అమ్మాయి రైఫిల్ దించి నా వైపు చూసింది. "ఇదీ నాలాగే ఉంది నాన్నా" అంది. ఆ మాట నన్ను ఎక్కడో పట్టుకుంది.

ఆ రోజు మరో నష్టం కూడా జరిగింది, దానికి పూర్తిగా నాదే బాధ్యత. రైఫిల్ మీద గురి చూసే సైటులోంచి చూస్తే క్రోనోగ్రాఫ్ గొడుగుల కింద దారి ఖాళీగానే కనిపించింది కాబట్టి కాల్చమన్నాను. కానీ సైటు బ్యారెల్ (పెల్లెట్ వెళ్లే గొట్టం) కంటే ఐదారు సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కంటి చూపు ఎక్కడి నుంచి పోతుందో పెల్లెట్ అక్కడి నుంచి పోదు, దాని కిందనుంచి పోతుంది. ఏడో షాట్ ముందు కన్ను పక్కన ప్లాస్టిక్‌ను గీరుకుంటూ పోయింది. రెండు సెంటీమీటర్లు పక్కకు తగిలి ఉంటే కన్ను పగిలేది, 6,850 రూపాయలు మొదటి రోజే పోయేవి. ఇప్పుడు మేము చేసేదేమిటంటే, రైఫిల్ ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకున్నాక, దాన్ని ఆనించి కదలకుండా పెట్టి, బ్యారెల్ చివరి నుంచి లక్ష్యం దాకా ఒక పురికొస లాగి, ఆ పురికొస రెండు కళ్లకూ సరిగ్గా పైన, నాలుగు వేళ్ల ఎత్తున పోయేలా స్టాండును సర్దుతాము. ఆ తర్వాతే పురికొస తీసేసి పెల్లెట్ ఎక్కిస్తాము.

అంకెల గందరగోళానికి కారణం ట్యూబులైటు. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి ట్యూబులైటు వెలుతురు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మన కళ్లకు అది తెలియదు, క్రోనోగ్రాఫ్ కళ్లకు తెలుస్తుంది. ఆ మినుకును అది పెల్లెట్ నీడ అనుకుంటుంది. మా సావిడిలోవి ఎల్ఈడీ ట్యూబులే అయినా అదే తంతు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద వెలిగినప్పుడు మరీ అధ్వానం. లైట్లు ఆపేస్తే సావిడిలో వెలుతురు చాలక అసలు అంకె రాలేదు.

జూలై 6న అంతా విప్పి బయటికి, సావిడి వెనక గోడ పక్కకు మార్చాము. అక్కడ మళ్లీ కొత్త చిక్కు. ఎండ కొబ్బరి మట్టల మధ్యనుంచి పడుతోంది. గాలికి మట్ట ఊగినప్పుడల్లా ఎండా నీడా యంత్రం మీద పరుగెత్తుతున్నాయి, ఎవరూ కాల్చకుండానే అంకెలు పడుతున్నాయి. చెట్లను నరకలేము, గాలిని ఆపలేము. మా ఆవిడ లోపలికి వెళ్లి నా తెల్లపంచె తెచ్చింది. నాలుగు వెదురు గడలు పాతి, పెళ్లి పందిరికి చాందినీ కట్టినట్టు ఆ పంచెను బిగుతుగా, క్రోనోగ్రాఫ్‌కు రెండడుగుల ఎత్తున కట్టాము. పంచె కింద వెలుతురు పాలలా పరుచుకుంది. మట్టల నీడలు పంచె మీద ఆడుతున్నా కిందికి పదునుగా దిగడం లేదు. అమ్మాయి పది షాట్లు కాల్చింది. పదికి పది అంకెలు పడ్డాయి: 172.6 నుంచి 174.1 లోపల. సగటు 173.2. ఎక్కువకీ తక్కువకీ తేడా ఒకటిన్నర మీటరు. నోటుపుస్తకంలో రాసుకుంటుంటే నా చేయి వణికింది. మబ్బు పట్టిన రోజైతే పంచె కూడా అక్కర్లేదని తర్వాత తెలిసింది. ఆకాశమే చాందినీ అవుతుంది.

ఆ 173కు మరో ఉపయోగం ఉంది. మేము వాడే పెల్లెట్ బరువు 0.53 గ్రాములు. లెక్క వేస్తే శక్తి దాదాపు 8 జౌళ్లు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు (బోరు) 0.177 అంగుళాలకు మించకుండా, 20 జౌళ్లకు లోబడి ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా అడిగితే నోటితో చెప్పడం వేరు, కొలిచి చూపించడం వేరు. ఆ లెక్క కాగితాన్ని కొనుగోలు బిల్లుతో పాటు రైఫిల్ పెట్టెలో పెట్టాను. తర్వాత ప్రయాణంలో అది అక్కరకొచ్చింది.

వరసగా కాల్చిన షాట్లు బాగానే ఉన్నాయి కాబట్టి అక్కడే అసలు పరీక్షకు వెళ్లి ఉండవలసింది. నేను వెళ్లలేదు. పెల్లెట్ల బరువుల్లో తేడా ఉండవచ్చన్న ఆలోచన పట్టుకుని పక్కదారి పట్టాను, అందులో వారం పోయింది. అయితే ఆ వారం వృథా అని అనలేను. మిల్లీగ్రాము దాకా తూచే త్రాసు మాకు తెలిసినవాళ్లలో బంగారం పనిచేసే ఆచారిగారి దగ్గరే ఉంది. ఆషాఢం కాబట్టి ఆయనకు పని పలచగా ఉంది, జూలై 8 రాత్రి రమ్మన్నారు. డబ్బా మూత తీయగానే ఆయన చేయి అడ్డం పెట్టారు. "మాస్టారూ, అది సీసం. నా సిబ్బెలో వేయకండి. సీసం ఇసుమంత అంటినా బంగారం పెళుసెక్కి సాగగొడితే చిట్లిపోతుంది" అన్నారు. పక్కింటి నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నె తెప్పించి, దాని బరువును త్రాసులో సున్నా చేసి, పని బల్ల మీద కాకుండా గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి తూయనిచ్చారు. ఫ్యాను ఆపమన్నారు, లేకపోతే గాలికే చివరి అంకె ఆడుతుంది. చెమటలు కారుతుండగా ఒక్కొక్క పెల్లెట్‌ను చిమటాతో నడుము దగ్గర పట్టి ఎత్తి పెట్టడం, అంకె నిలబడే దాకా ఊపిరి బిగబట్టడం, రాసుకోవడం, డబ్బీలో వేయడం. పావడాలా విచ్చుకుని ఉండే పెల్లెట్ వెనక అంచు కొంచెం నొక్కుకున్నా చెడిపోయినట్టే. రెండు రాత్రుల్లో 200 తూచాను. తక్కువది 0.522, ఎక్కువది 0.538. ఆయన డబ్బు తీసుకోలేదు. పని అయ్యాక స్టూలు కడిగించారు, నన్ను కూడా సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోమన్నారు. సీసం పట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదని అమ్మాయికి చెబుతూనే ఉంటాను, నేను మాత్రం అంతకు ముందు ఆ జాగ్రత్త పాటించలేదు.

జూలై 13న తేలికవి ఒక ఇరవై, బరువువి ఒక ఇరవై కాల్చి చూశాము. తేలికవాటి సగటు వేగం 173.9, బరువువాటిది 172.4. తేడా ఉన్నమాట నిజమే. అది లక్ష్యం మీద ఎంత? పది మీటర్లు పోవడానికి పెల్లెట్‌కు సుమారు 0.058 సెకన్లు పడుతుంది. ఆ కాస్త కాలంలోనే భూమి దాన్ని 16 మిల్లీమీటర్లకు పైగా కిందికి లాగేస్తుంది. ఎంత వేగంగా పోతే అంత తక్కువ జారుతుంది, అంటే అంత పైన తగులుతుంది. గాలి నిరోధం పక్కన పెట్టి లెక్క కడితే ఈ రెండు గుంపుల మధ్య తేడా 0.28 మిల్లీమీటర్లు. ఈ పోటీ టార్గెట్ మీద ఒక వలయానికీ మరో వలయానికీ 2.5 మిల్లీమీటర్లు, ఒక పాయింటు తేడా, అంటే పాయింటులో పదోవంతుకు పావు మిల్లీమీటరు. కాబట్టి అతి తేలిక పెల్లెట్‌కూ అతి బరువు పెల్లెట్‌కూ మధ్య తేడా పాయింటులో పదోవంతు. రెండు రాత్రుల చెమటకు వచ్చిన ఫలితం అంతే. మంచి కంపెనీ పెల్లెట్లను పోటీ కోసం తూచి ఏరడం మానేశాము. పావడా నొక్కుకున్నవాటిని కంటితో చూసి పక్కన పెట్టడం మాత్రం మానలేదు.

జూలై 20 ఆదివారం. ఆ రోజు ముందే కాగితం మీద పద్ధతి రాసుకున్నాను. రైఫిల్‌ను స్టాండుకు ఆనించి నేనే కాలుస్తాను. మనిషి నైపుణ్యంతో వేగానికి సంబంధం లేదు కాబట్టి ఎవరు కాల్చినా ఒకటే. అమ్మాయి గడియారం పట్టుకుని అంకెలు రాస్తుంది. ముందు మూడు షాట్లు కాల్చి, ఆగి, ఒక షాట్ కాల్చి రాయాలి. మళ్లీ మూడు, మళ్లీ ఆగి ఒకటి. ఆగే సమయం 30 సెకన్లు, 2 నిమిషాలు, 5 నిమిషాలు, 20 నిమిషాలు. ఒక్కొక్కటి నాలుగేసి సార్లు. పొద్దున ఏడున్నరకు మొదలుపెడితే పది దాటింది.

30 సెకన్లు ఆగిన షాట్ల సగటు 173.3. రెండు నిమిషాలకు 175.0. ఐదు నిమిషాలు ఆగాక మొదటి షాట్‌కు 178.4 అని పడింది. నేను యంత్రం తప్పనుకున్నాను. రెండోసారి 177.9. మూడోసారి 178.3. నాలుగోసారి అంకె రాకముందే అమ్మాయి పెన్సిలు పట్టుకుని "నూట డెబ్బై ఎనిమిది" అని మెల్లగా అంది. తెర మీద 178.2. ఆ తర్వాత ఇరవై నిమిషాల విరామాలు. ఆ ఖాళీ సమయాల్లో మేమిద్దరం పంచె నీడలో గట్టు మీద కూర్చున్నాము, ఏమీ మాట్లాడుకోలేదు. ఇరవై నిమిషాల సగటు 181.3.

లెక్క అక్కడే నోటుపుస్తకంలో చేశాను. ఐదు నిమిషాలు ఆగితే 0.9 మిల్లీమీటర్లు పైకి, ఇరవై నిమిషాలు ఆగితే 1.4 మిల్లీమీటర్లు పైకి. అంటే షాట్ ఎంత నిశ్చలంగా కాల్చినా పాయింటులో మూడున్నర నుంచి ఐదున్నర పదోవంతులు ముందే పోయినట్టు. ఆ షాట్ అప్పటికే కాస్త పైన పడేదైతే పది పాయింట్ల నుంచి తొమ్మిదిలోకి జారిపోతుంది. జూన్ కాగితాల్లో నేను ఎర్రగీతలు గీసిన షాట్లు పడింది సరిగ్గా అక్కడే.

అమ్మాయి పుస్తకం తీసుకుని రెండుసార్లు చదివింది. చదివి, "ఇన్నాళ్లూ నేనేననుకున్నాను నాన్నా" అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నాకే గొంతు పూడుకుపోయింది. తప్పయిపోయింది తల్లీ అని చెప్పాను. బస్సులో అన్న మాట, ధ్యానం, బీరువాలో పెట్టిన ఫోన్, అన్నీ పేరుపేరునా చెప్పి తప్పొప్పుకున్నాను. ఆ సాయంత్రమే కోచ్‌గారికి అంకెలు పంపించాము. ఆయన గంటలో ఫోన్ చేసి, నాతో కాదు, అమ్మాయితో మాట్లాడి, తాను కూడా పొరబడ్డానని చెప్పారు. పెద్దవాళ్లు అలా చెప్పడం తనకు ఎంత బలమిచ్చిందో నేను పక్కనే ఉండి చూశాను.

ఇక కారణం. రైఫిల్ సిలిండర్‌లో 200 బార్ల గాలి ఉంటుంది, అంటే మన చుట్టూ ఉండే గాలికి దాదాపు 200 రెట్ల ఒత్తిడి. అంత ఒత్తిడి నేరుగా పెల్లెట్ వెనక్కి పోకుండా మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. అది తక్కువ ఒత్తిడి గాలిని కొంచెం ఒక చిన్న గదిలోకి వదిలి మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకోకుండా వెంట్రుకవాసి సందు మిగిలిందనుకోండి, వరసగా కాలుస్తున్నప్పుడు ఆ కారడం బయటపడదు, ఎందుకంటే గది నిండేలోపే మళ్లీ ఖాళీ అవుతోంది. ఆగినప్పుడు మాత్రం సన్నగా కారుతూ ఆ గదిలో ఒత్తిడి పెరుగుతూ పోతుంది. ఎంతసేపు ఆగితే అంత పెరుగుతుంది. మొదటి షాట్‌తో ఆ అదనపు గాలి వెళ్లిపోయి రెండో షాట్ మామూలుగా పడుతుంది. అందుకే ఎవరికీ దొరకలేదు.

బాగుచేసే మనిషి హైదరాబాదులో ఉన్నారు. జూలై 26 రాత్రి పాలకొల్లులో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైఫిల్ పెట్టెకు తాళం, సిలిండర్ విడిగా, పెల్లెట్లు ఒక్కటీ లేకుండా. దారిలో ఒకచోట పోలీసులు పెట్టె తెరవమన్నారు. బిల్లు, అమ్మాయి షూటింగ్ గుర్తింపు కార్డు నకలు, వేగం లెక్క కాగితం చూసి పది నిమిషాల్లో వదిలేశారు. 28 సోమవారం పొద్దున ఆయన రైఫిల్ విప్పుతుంటే పక్కనే కూర్చున్నాను. నా నోటుపుస్తకం చూసి, "ఇలా రాసుకొచ్చేవాళ్లు తక్కువ, నాకు సగం పని తప్పింది" అన్నారు. రెగ్యులేటర్ తీసి, గోరంత ఉన్న దాని సీటును (గాలి దారిని మూసే భాగాన్ని) భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. నున్నగా అద్దంలా ఉండవలసిన చోట తెల్లటి పొక్కు, దాని పక్కన సన్నటి గీత. "ఇది తేమ పని. గాలి దేనితో నింపుతున్నారు?" అని అడిగారు.

చేతితో కొట్టే గాలి పంపుతో నింపుతున్నాము. మా ఊళ్లో మరో దారి లేదు. సాయంత్రం బడి నుంచి రాగానే, కాలవ గట్టు మీద నుంచి వచ్చే గాలిలో, పెరట్లో నిలబడి కొట్టేవాణ్ణి. మన డెల్టా గాలి ఎంత తడిగా ఉంటుందో ఉప్పు డబ్బా మూత తీసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు, నేను ఆ గాలినే రైఫిల్‌లోకి కొడుతున్నానని మాత్రం తోచలేదు. మా సిలిండర్‌లో సుమారు 200 ఘన సెంటీమీటర్ల చోటు ఉంది. దాన్ని 200 బార్లకు నింపాలంటే 40 లీటర్ల బయటి గాలి కావాలి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఆ 40 లీటర్లలో దాదాపు ఒక గ్రాము నీరుంటుంది. పంపులోని వడపోత కొంత ఆపుతుంది, అంతా ఆపదు. ఏడాదిన్నర పాటు అలా కొట్టాను.

విడిభాగాలు వేరేచోటి నుంచి రావాలి, పది రోజులన్నారు. పది రోజులు ఇరవై మూడయ్యాయి. ఆ రోజుల్లో రేంజిలో మరొకరి రైఫిల్ అడిగి వాడుకున్నాము. భుజానికి ఆనించే దాని స్టాక్ కొలతలు తనకు సరిపోక భుజం నొప్పి వచ్చింది, స్కోరు కూడా బాగా పడిపోయింది. అయినా ఆ ఇరవై మూడు రోజులూ తన ముఖంలో కనిపించిన ధైర్యం అంతకు ముందు నేను చూడలేదు. ఆగి కాల్చిన మొదటి షాట్ మధ్యలో పడిన ప్రతిసారీ ఇంటికి వచ్చి వాళ్లమ్మకు చెప్పేది. ఆగస్టు 20న రైఫిల్ తీసుకున్నాను. కొత్త సీటు, ఓ-రింగులు (గాలి కారకుండా వేసే రబ్బరు వలయాలు), కూలి కలిపి 7,400 రూపాయలు. సిలిండర్ మీద తయారీ తేదీ కూడా ఆయనే చూపించారు. పదేళ్లకు మించినది పోటీల్లో వాడకూడదు, ఆ తేదీ చూసుకునే బాధ్యత ఆటగాళ్లదే. మాది 2017 నాటిది, అప్పటికి ఇంకా రెండేళ్లుంది.

ఆగస్టు 24 ఆదివారం అదే చోట, అదే పంచె కింద, అదే పద్ధతిలో మళ్లీ కొలిచాము. ఈసారి కాల్చింది అమ్మాయి, రాసింది నేను. 30 సెకన్లకు 172.0, ఐదు నిమిషాలకు 172.3, ఇరవై నిమిషాలకు 172.6. మొత్తం మీద ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, 0.4 కూడా లేదు. చివరి అంకె రాశాక తను నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని ఆ గడి చుట్టూ సున్నా చుట్టింది.

గాలి విషయంలో ఇప్పుడు వారానికి ఒకసారి రేంజిలో ఉన్న పెద్ద డైవింగ్ సిలిండర్ నుంచి పొడిగాలి నింపుకుంటున్నాము, ఒక్కొక్కసారికి 100 రూపాయలు. తప్పక ఇంట్లో కొట్టవలసి వస్తే ఏసీ గది తలుపు వేసుకుని, పంపు గాలి పీల్చే చోట తేమను లాగేసే సిలికా జెల్ డబ్బీ పెట్టి, యాభై దెబ్బలకొకసారి ఆగి, పంపు చల్లారనిచ్చి, అడుగున మర తిప్పి చేరిన నీటిని వదిలేస్తున్నాను. ఆ మర దగ్గర తెల్ల కాగితం పట్టి చూశాను ఒకసారి. తడి మచ్చ అర్ధరూపాయి బిళ్లంత పడింది.

సెప్టెంబరులో భీమవరం పక్కనున్న ఊరి నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. వాళ్ల అబ్బాయికి ఎయిర్ పిస్టల్, ఆగి కాలిస్తే మొదటిది కిందికి పోతోందట. పిల్లవాడికి ధ్యాస లేదని అందరూ అంటున్నారని చెబుతుంటే, ఆయన గొంతులో జూన్ నెలలో నా గొంతే వినిపించింది. 21వ తేదీ ఆదివారం వచ్చి క్రోనోగ్రాఫ్ పట్టుకెళ్లారు. పురికొస ఎలా లాగాలో, అడుగులను మీటర్లలోకి ఎలా మార్చాలో, ఎంతెంతసేపు ఆగి కాల్చాలో కాగితం మీద రాసిచ్చాను. కొలత పూర్తయ్యేదాకా అబ్బాయిని ఏమీ అనవద్దని చేతులు పట్టుకుని అడిగాను. కారు ఎక్కబోతుంటే మా ఆవిడ వెనక నుంచి పిలిచి, ఉతికి మడతపెట్టిన ఆ పంచె కూడా చేతిలో పెట్టింది.